ఇంజనీరింగ్ జర్నల్‌కు పేపర్ పంపేవారికి: పీర్ రివ్యూ, ప్రచురణ నీతిపై తరచుగా అడిగే ప్రశ్నలు

జర్నల్‌కు వచ్చిన పేపర్‌ను అచ్చు వేసేముందు అదే రంగం తెలిసిన బయటివారితో చదివించి అభిప్రాయం అడగడమే పీర్ రివ్యూ. అలా చదివే రివ్యూయర్‌గా చాలా ఏళ్లు, అసోసియేట్ ఎడిటర్‌గా కొన్నేళ్లు పనిచేశాను. ఆ రోజుల్లో రిసెర్చ్ స్కాలర్లు అడిగిన ప్రశ్నలే ఇవి. కొన్ని మెయిల్‌లో వచ్చాయి, కొన్ని కాన్ఫరెన్స్ టీ విరామంలో. కొన్నయితే "నాకు కాదు సార్, మా ఫ్రెండ్‌కి" అన్న ముసుగులో వచ్చాయి. ఆ ముసుగు ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను.

పేపర్ సబ్మిట్ చేశాక లోపల ఏం జరుగుతుంది?

ముందు జర్నల్ ఆఫీసు వాళ్లు చూస్తారు: ఫార్మాట్ సరిగా ఉందా, బొమ్మలు చదవడానికి వీలుగా ఉన్నాయా, రచయితలందరి వివరాలూ ఉన్నాయా అని. పాత పేపర్లతో పోలికలు వెతికే సిమిలారిటీ సాఫ్ట్‌వేర్‌లో కూడా అప్పుడే పెడతారు. తర్వాత ప్రధాన ఎడిటర్ చదివి, జర్నల్ పరిధిలోకి వస్తుందనుకుంటే ఆ సబ్జెక్టు తెలిసిన అసోసియేట్ ఎడిటర్‌కు అప్పగిస్తారు. పరిధి కాదనిపించినా, కొత్తదనం లేదనిపించినా రివ్యూకి వెళ్లకుండానే తిప్పి పంపుతారు. దీన్నే డెస్క్ రిజెక్ట్ అంటారు. వారంలో వచ్చిన డెస్క్ రిజెక్ట్‌ను అవమానంగా తీసుకోకండి. అదే మాట ఆరు నెలలు ఆగి వినడం కన్నా నయం.

అసోసియేట్ ఎడిటర్ ఇద్దరు ముగ్గురు రివ్యూయర్ల కోసం వెతుకుతారు. ఆలస్యమంతా ఇక్కడే. ఇద్దరు ఒప్పుకోవడానికి పది మందిని బతిమాలిన సందర్భాలు నాకే ఉన్నాయి. నివేదికలు వచ్చాక నిర్ణయం ఎడిటర్‌ది. రివ్యూయర్ సలహా మాత్రమే ఇస్తారు. ఇద్దరు రివ్యూయర్లూ "మైనర్ రివిజన్" (చిన్న సవరణలు చాలు) అన్నా ఎడిటర్ తిరస్కరించవచ్చు. ఒకరు వద్దన్నా నిలబెట్టవచ్చు.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఉన్నదేనా?

కాదు. 1665లో రాయల్ సొసైటీ వారి ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలైనప్పుడు ఏది అచ్చు వేయాలో సంపాదకుడు హెన్రీ ఓల్డెన్‌బర్గే చూసుకునేవాడు. నేచర్ పత్రిక బయటి రివ్యూని తప్పనిసరి చేసుకున్నది 1973లో. అంటే మనం అనాది ఆచారం అనుకునేది నిజానికి నిన్నమొన్నటిది.

1936లో ఐన్‌స్టీన్ తన సహచరుడు నాథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని చెప్పే పేపర్‌ను ఫిజికల్ రివ్యూ అనే జర్నల్‌కు పంపాడు. ఎడిటర్ దాన్ని ఓ రివ్యూయర్‌కు చూపించాడు. ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చి, అచ్చు కాకముందే బయటివాళ్లకు చూపించమని మేం చెప్పలేదంటూ పేపర్ వెనక్కి తీసుకున్నాడు. తీరా చూస్తే రివ్యూయర్ పట్టిన తప్పు నిజమే. ఆ తర్వాత ముగింపు మార్చి వేరే జర్నల్‌లో వేసుకున్నాడు. రివ్యూ కామెంట్లు చదివి కోపం వచ్చినప్పుడల్లా ఈ కథ తలుచుకుంటాను.

సింగిల్ బ్లైండ్, డబుల్ బ్లైండ్ అంటే?

సింగిల్ బ్లైండ్‌లో మీరెవరో రివ్యూయర్‌కు తెలుసు, ఆయనెవరో మీకు తెలియదు. ఇంజనీరింగ్ జర్నల్స్‌లో ఎక్కువ ఇదే. డబుల్ బ్లైండ్‌లో ఇద్దరికీ తెలియదు. అలాంటి జర్నల్‌కు పంపేటప్పుడు పేర్లు తీసేస్తే సరిపోదు; "మా గత పనిలో చూపినట్టు" లాంటి వాక్యాలు, ల్యాబ్ ఫొటోలు, ఫైల్ ప్రాపర్టీస్‌లో దాగిన పేరు కూడా చూసుకోవాలి. నిజం చెప్పాలంటే, ప్రపంచంలో నాలుగైదు చోట్లే ఉన్న టెస్ట్ రిగ్ మీద చేసిన పని ఎవరిదో ఎంత దాచినా తెలిసిపోతుంది.

ఒకే పేపర్‌ను రెండు జర్నల్స్‌కు పంపి, ముందు ఒప్పుకున్న దానికి ఇస్తే తప్పేంటి?

తప్పే. ఒక పేపర్ ఒకసారి ఒక జర్నల్ దగ్గరే ఉండాలి. డబ్బు తీసుకోకుండా తమ సాయంత్రాలు ఖర్చుపెట్టే రివ్యూయర్ల పనిని రెండింతలు చేస్తున్నారు. రెండు చోట్లా అచ్చయిందంటే ఒకే ఫలితం రెండు ఆధారాలుగా లెక్కకు వస్తుంది.

"ఎవరికి తెలుస్తుందిలే" అనుకునేవారికి ఒక సంగతి. ఒకసారి ఒకే వారంలో రెండు వేర్వేరు జర్నల్స్ నుంచి నాకు రివ్యూకి ఒకే పేపర్ వచ్చింది. శీర్షికలో రెండు పదాలు మార్చారంతే. మీ సబ్జెక్టు ఎంత ఇరుకైనదైతే రివ్యూయర్లు అంత తక్కువమంది ఉంటారు. ఇద్దరు ఎడిటర్లకూ రాశాను, రెండు చోట్లా తిరస్కరించారు.

ఎక్కువ ఆలస్యమవుతుంటే మర్యాదగా ఒక మెయిల్ రాయండి. మూడు నెలలు దాటాక అడగడంలో తప్పు లేదు. వెనక్కి తీసుకోవాలనుకుంటే లిఖితపూర్వకంగా అడిగి, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే వేరేచోటికి పంపండి.

కాన్ఫరెన్స్‌లో వచ్చిన పేపర్‌ను పెంచి జర్నల్‌కు పంపవచ్చా?

పంపవచ్చు. ఇంజనీరింగ్‌లో, ముఖ్యంగా కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ రంగాల్లో ఇది మామూలు దారి. కానీ మూడు పనులు చేయాలి. కాన్ఫరెన్స్ పేపర్‌ను రిఫరెన్స్‌లలో చూపాలి. ఇందులో కొత్తగా ఏముందో ఇంట్రడక్షన్‌లో ఒక పేరా రాయాలి. కవర్ లెటర్‌లో ఆ సంగతి చెప్పి పాత పేపర్ జతచేయాలి. కనీసం 25 శాతమో 30 శాతమో కొత్త విషయం ఉండాలని చాలా జర్నల్స్ అడుగుతాయి. ఆ కొత్తది ఏమిటన్నదే నాకు ముఖ్యం. రెండు పేజీల సాహిత్య సమీక్ష పెంచితే శాతం పెరుగుతుందే తప్ప పేపర్ పెరగదు. కొత్త ప్రయోగమో, కొత్త నిరూపణో, ఇంకో డేటాసెట్ మీద పరీక్షో ఉండాలి.

చెప్పి పంపిన పేపర్‌ను ఇందుకోసం తిరస్కరించిన గుర్తు నాకు లేదు. చెప్పకుండా పంపి, సిమిలారిటీ రిపోర్ట్‌లో 60 శాతం కనిపించి, "అది మాదే కదా సార్" అన్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ప్రిప్రింట్ (రివ్యూకి ముందే ఆన్‌లైన్‌లో అందరికీ పెట్టే ప్రతి) పెడితే జర్నల్ ఒప్పుకుంటుందా?

ఎక్కువ జర్నల్స్ ఒప్పుకుంటాయి. 1991లో పుట్టిన ఆర్కైవ్ (arXiv) అనే ప్రిప్రింట్ వెబ్‌సైట్ ఇప్పుడు చాలా రంగాల్లో రోజువారీ వ్యవహారం. అయినా ఆ జర్నల్ విధానం ఒకసారి చదవండి. ఇంజనీర్లు మరిచిపోయే విషయం పేటెంట్. మీ పనిలో పేటెంట్‌కు అర్హమైనదేమైనా ఉంటే ముందు దరఖాస్తు పెట్టి, తర్వాతే ప్రిప్రింట్ పెట్టండి. అమెరికాలో బయటపెట్టిన తర్వాత ఏడాది వరకు గడువు దొరుకుతుంది. యూరప్‌లో సాధారణంగా ఆ వెసులుబాటు లేదు. మీ ప్రిప్రింటే మీ పేటెంట్‌కు అడ్డు పడుతుంది.

సిమిలారిటీ ఎంత శాతం లోపు ఉండాలి?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే. తప్పుగా అడిగిన ప్రశ్న కూడా ఇదే.

ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఇచ్చేది పోలిక శాతం. కాపీ కొట్టారా లేదా అన్నది అది చెప్పదు. 25 శాతం వచ్చిన పేపర్‌లో అంతా రిఫరెన్స్ జాబితా, పరికరాల పేర్లు, "ఫలితాలు పట్టిక 2లో ఇవ్వబడినవి" లాంటి వాక్యాలే ఉండవచ్చు. 8 శాతం వచ్చిన పేపర్‌లో ఆ ఎనిమిదీ ఒకే ఒక్క పేపర్ చర్చా భాగం నుంచి ఎత్తుకొచ్చినవి కావచ్చు. మొదటిది నేను వదిలేస్తాను, రెండోది వదలను. ఎడిటర్ అంకె చూసి ఆగరు, రిపోర్ట్ తెరిచి రంగు పడిన చోట్లు చదువుతారు. ఇక సమీకరణాలను, గ్రాఫ్‌లను, ఐడియాను దొంగిలిస్తే చాలాసార్లు సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు. అవి పట్టుకునేది రివ్యూయరే.

శాతం తగ్గించడానికి పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లున్నారు. దాని ఫలితం ఎంత వింతగా ఉంటుందో 2021లో గియోమ్ కాబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు బయటపెట్టారు. మైక్రోప్రాసెసర్స్ అండ్ మైక్రోసిస్టమ్స్ అనే జర్నల్‌లో వచ్చిన పేపర్లలో "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్" అయింది, అంటే నకిలీ చైతన్యం. "బిగ్ డేటా" పోయి "కలోసల్ ఇన్ఫర్మేషన్" వచ్చింది. "సిగ్నల్ టు నాయిస్"ను "ఫ్లాగ్ టు క్లామర్" అని రాసినవాళ్లూ ఉన్నారు. ఇలాంటి వాటికి వాళ్లు "టార్చర్డ్ ఫ్రేజెస్" అని పేరు పెట్టారు. చిత్రహింసలు పెట్టిన పదాలన్న మాట. ఇప్పుడు వాటిని వెతికే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

చదివింది మూసేసి, అర్థమైంది మీ మాటల్లో రాయండి. రాయలేకపోతే అది అర్థం కాలేదన్న మాట. మళ్లీ చదవండి.

నా సొంత పేపర్ నుంచి నేనే తీసుకుంటే కూడా తప్పా?

ప్రయోగ పద్ధతి వివరణలో కొన్ని వాక్యాలు కలిస్తే ఎవరూ పట్టించుకోరు, పాత పేపర్‌ను పేర్కొంటే చాలు. ఫలితాలనే మళ్లీ కొత్తవిగా చూపితే తప్పు. ఒక అధ్యయనాన్ని ముక్కలు చేసి నాలుగు పేపర్లుగా అమ్మడాన్ని సలామీ స్లైసింగ్ అంటారు. ఒకే మిశ్రమ లోహానికి బలం ఒక పేపర్, కాఠిన్యం ఇంకో పేపర్, అరుగుదల మూడో పేపర్ అయితే, మూడూ చదివితే గానీ ఆ లోహం గురించి ఏమీ తెలియదు.

బొమ్మల విషయం వేరు. అచ్చయిన గ్రాఫ్ మీరే గీసినదైనా కాపీరైట్ ప్రచురణకర్తకు రాసిచ్చి ఉంటే, మళ్లీ వాడటానికి అనుమతి కావాలి. ఎక్కడి నుంచి తెచ్చారో కింద రాసినంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదు.

పేపర్‌లో ఎవరి పేరు పెట్టాలి? ఏమీ చేయని గైడ్ పేరు పెట్టక తప్పదా?

ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ ఐఈఈఈ నియమం సూటిగా ఉంటుంది: పనిలో చెప్పుకోదగ్గ మేధోపరమైన పాత్ర ఉండాలి, రాయడంలోనో సరిచూడటంలోనో పాలు ఉండాలి, అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని ఆమోదించాలి. మూడూ ఉన్నవాళ్లే రచయితలు. ల్యాబ్ అధిపతి కావడం, డబ్బు తెచ్చివ్వడం, మిషన్ వాడుకోనివ్వడం ఒక్కటే అయితే కృతజ్ఞతల్లో రాయాలి.

కాగితం మీద ఇంత సులువు. నిజంలో స్కాలర్ భవిష్యత్తు గైడ్ సంతకంలో ఉంటుంది, పేరు తీసేయమని ఎవరు చెబుతారు? నేనిచ్చే సలహా ఒకటే: పని మొదలుపెట్టేటప్పుడే ఎవరు ఏం చేస్తారో, పేర్ల వరుస ఏమిటో మెయిల్‌లో రాసుకోండి. ఎవరెవరు ఏ పని చేశారో చెప్పే క్రెడిట్ అనే పద్ధతి ఉంది, అందులో 14 పాత్రలుంటాయి: ఆలోచన, ప్రయోగం, సాఫ్ట్‌వేర్, మొదటి ప్రతి రాయడం ఇలా. ఆ పట్టిక నింపమని అందరి ముందూ పెడితే ఏమీ చేయనివారికి ఏ గడిలో టిక్ పెట్టాలో తెలియక, అడక్కుండానే కొన్ని పేర్లు తగ్గిపోవడం చూశాను. అన్నిసార్లూ తగ్గవు, అది కూడా చూశాను.

దీనికి తలకిందులైన తప్పు కూడా ఉంది. కష్టపడి నమూనాలన్నీ చేసిన జూనియర్ పేరు వదిలేయడం. ఎడిటర్‌కు ఫిర్యాదు వచ్చేది ఎక్కువగా దీని మీదే.

పేపర్ ఒప్పుకున్నాక కొత్త పేర్లు చేర్చమంటే ఎడిటర్‌కు వెంటనే అనుమానం వస్తుంది. ఎందుకంటే డబ్బుకు రచయిత స్థానాలు అమ్మే పేపర్ మిల్లులు సరిగ్గా అప్పుడే పేర్లు చేరుస్తాయి. నిజమైన కారణం ఉంటే అందరి సంతకాలతో లేఖ పంపండి.

రచయితల గురించి ఎప్పుడు మాట్లాడినా ఒక పిల్లి గుర్తొస్తుంది. 1975లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో జాక్ హెథరింగ్టన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒంటరిగా రాసిన పేపర్‌లో అంతా "మేము" అని రాశాడు. అది టైప్‌రైటర్ కాలం. మొత్తం మళ్లీ టైప్ చేయడం ఇష్టం లేక తన పిల్లికి ఎఫ్.డి.సి. విలార్డ్ అని పేరు పెట్టి రెండో రచయితగా చేర్చాడు. ఈ రోజుల్లో అలా చేస్తే పిల్లి సమ్మతి పత్రం అడుగుతారు.

పది రీడింగుల్లో ఒకటి మాత్రం చెడగొడుతోంది. తీసేయవచ్చా?

తీసేయవచ్చు, తీసేశామని రాస్తే. నమూనాను రెండు వైపులా పట్టి తెగేదాకా లాగే తన్యతా పరీక్షలో, ఒక నమూనా పట్టుకున్న చోటే, అంటే గ్రిప్ దగ్గరే, తెగిపోయిందనుకోండి. ప్రామాణిక పద్ధతి దాన్ని వదిలేయమంటే "పదిలో ఒకటి గ్రిప్ దగ్గర తెగినందున లెక్కలోకి తీసుకోలేదు" అని ఒక వాక్యం చాలు. గీత అందంగా రావడం లేదని తీసేసి, తొమ్మిదే చేసినట్టు రాస్తే అది డేటాను మార్చడమే. మెషీన్ లెర్నింగ్‌లో ఇది ఇంకో రూపంలో వస్తుంది. చివరి పరీక్ష కోసం పక్కన పెట్టిన డేటా (టెస్ట్ సెట్) మీద ఇరవైసార్లు నడిపి, బాగా వచ్చిన ఒక్కసారి ఫలితాన్నే పట్టికలో పెట్టడం. దాన్ని చేసేవాళ్లలో సగం మందికి అది తప్పని తెలియదని నా అనుమానం.

లేని డేటాను పుట్టించడం మరీ దారుణం, ఎప్పటికైనా బయటపడుతుంది కూడా. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ పరిశోధకుడు 2000 ప్రాంతంలో ట్రాన్సిస్టర్ల మీద వరుసగా సంచలన ఫలితాలు ప్రకటించాడు. పట్టించిందేమిటో తెలుసా? నాయిస్. అంటే కొలతల్లో అనుకోకుండా వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులు. వేర్వేరు ప్రయోగాలవని చెప్పిన గ్రాఫ్‌లలో ఒకే నాయిస్ కనిపించింది. ప్రకృతి ఒకే గీతను రెండుసార్లు గీయదు. 2002లో విచారణ సంఘం 24 ఆరోపణలు పరిశీలించి 16 నిజమేనని తేల్చింది. సహరచయితలు మోసంలో పాలుపంచుకోలేదని అదే సంఘం చెప్పింది. కానీ అన్నేసి పేపర్లలో తమ పేర్లుండి, అసలు డేటా చూపించమని అడగకపోవడం ఏమిటన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

ముడి డేటా దాచుకోండి. ఎడిటర్ అడిగినప్పుడు "హార్డ్ డిస్క్ పాడైంది" అన్న జవాబు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

సిమ్యులేషన్ పేపర్‌కు ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. మెష్ (లెక్క కోసం వస్తువును విడగొట్టే చిన్న ముక్కల వల) సైజు మారిస్తే ఫలితం మారుతోందా అన్నది చూపించకపోవడం, కుదిరేదాకా మెటీరియల్ స్థిరాంకాలు తిప్పి "ప్రయోగంతో సరిపోయింది" అనడం ఇక్కడి జబ్బులు. కుదిర్చిన స్థిరాంకాలను కుదిర్చామనే రాయండి.

టెస్ట్ ఇమేజ్‌గా లెనా బొమ్మ వాడవద్దంటున్నారు, ఎందుకు?

ఆ బొమ్మ లెనా అనే మోడల్‌ది, 1972లో పెద్దల పత్రిక ప్లేబాయ్‌లో వచ్చినది. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో దశాబ్దాలపాటు ఆలోచించకుండా వాడాం, నేనూ వాడాను. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న పేపర్లు తీసుకోవడం మానేసింది. పరీక్షకు పనికొచ్చే బొమ్మలు బోలెడున్నాయి.

రాయడానికి ఏఐ వాడవచ్చా?

భాష సరిదిద్దుకోవడానికి చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి. ఏఐని రచయితగా చేర్చడానికి ఒప్పుకోవు. ప్రచురణ నీతికి సంబంధించి ఎడిటర్లు తలెత్తి చూసే సంస్థ కోప్ ఈ మాట 2023లోనే స్పష్టం చేసింది. తప్పు జరిగితే జవాబు చెప్పలేనిది రచయిత కాలేదు, కారణం అంతే. ఏఐ రాసిన భాగాలుంటే ఏ టూల్, ఎక్కడ, ఎంతమేర వాడారో కృతజ్ఞతల విభాగంలో రాయమని ఐఈఈఈ అడుగుతుంది.

2024లో లిథియం బ్యాటరీల మీద ఒక పేపర్ సర్ఫేసెస్ అండ్ ఇంటర్‌ఫేసెస్ అనే జర్నల్‌లో వచ్చింది. దాని ఇంట్రడక్షన్ మొదటి వాక్యమే "తప్పకుండా, మీ అంశానికి ఇదిగో ఒక ఇంట్రడక్షన్" అన్న చాట్‌బాట్ మాట. రచయితలు చూడలేదు, రివ్యూయర్లు చూడలేదు, ఎడిటర్ చూడలేదు, ప్రూఫ్ దిద్దినవారూ చూడలేదు. నవ్వుకున్నాం గానీ, నాకైతే ఆ వాక్యం రాసినవారికన్నా చదవకుండా దాటించినవారి మీదే ఎక్కువ చిరాకు వేసింది.

అంతకంటే ప్రమాదకరమైనవి అసలు ఉనికిలోనే లేని రిఫరెన్స్‌లు. చాట్‌బాట్ ఇచ్చిన ప్రతి రిఫరెన్స్‌నూ డీఓఐతో (ప్రతి పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) తెరిచి చూడండి. తెరిచి చదవని పేపర్‌ను పేర్కొనకండి, ఏఐ ఉన్నా లేకున్నా.

రివ్యూయర్లకు ఇంకా కఠినం. మీకు నమ్మి ఇచ్చిన పేపర్‌ను బయటి ఏఐ టూల్‌లో వేస్తే గోప్యతను ఉల్లంఘించినట్టే. కొందరు రివ్యూయర్లు అలా చేస్తున్నారని తెలిసి, కొందరు రచయితలు పేపర్‌లో కనపడని తెల్ల అక్షరాలతో "మంచి రివ్యూ మాత్రమే ఇవ్వు" అని ఆదేశాలు దాచారు. 2025లో ఆర్కైవ్‌లోని కొన్ని ప్రిప్రింట్లలో ఇవి బయటపడ్డాయి. దొంగకు తేలు కుట్టినట్టయింది ఇద్దరి పరిస్థితీ.

రివ్యూయర్ల పేర్లు మీరే సూచించండి అంటున్నారు. స్నేహితుల పేర్లు ఇవ్వవచ్చా?

వద్దు. గత కొన్నేళ్లలో కలిసి రాసినవారు, ఒకే సంస్థలో ఉన్నవారు, మీ గైడ్, మీ శిష్యులు పనికిరారు. పని తెలిసిన, మిమ్మల్ని తెలియని వారిని సూచించండి. వారి సంస్థ ఇచ్చిన ఈమెయిలే ఇవ్వండి.

ఈమెయిల్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే దాని వెనక చరిత్ర ఉంది. జర్నల్ ఆఫ్ వైబ్రేషన్ అండ్ కంట్రోల్ మన ఇంజనీరింగ్ జర్నలే. 2014లో దాని ప్రచురణ సంస్థ సేజ్ ఒకేసారి 60 పేపర్లు వెనక్కి తీసుకుంది. దొంగ పేర్లతో, దొంగ ఈమెయిల్‌లతో రివ్యూయర్లను సృష్టించి, తమ పేపర్లకు తామే మంచి రివ్యూలు రాసుకున్న ముఠా అది. ఆ గొడవ చివరికి తైవాన్ విద్యామంత్రి రాజీనామా దాకా వెళ్లింది.

రివ్యూయర్ తన పేపర్లు ఏడింటిని సైట్ చేయమంటున్నాడు (రిఫరెన్స్‌లలో చూపమంటున్నాడు). చేయకపోతే రిజెక్ట్ చేస్తాడేమోనని టెన్షన్.

ముందు ఆ ఏడూ చదవండి. ఒకటో రెండో నిజంగా మీ పనికి సంబంధించినవైతే చేర్చండి. మిగతావాటికి "చదివాం, మా సమస్యకు సంబంధం కనిపించలేదు" అని రెస్పాన్స్‌లో మర్యాదగా రాయండి. పక్కన ఎడిటర్‌కు విడిగా ఒక మెయిల్ పెట్టండి. నిర్ణయం ఎడిటర్‌దని పైన చెప్పింది ఇందుకే. నేను ఎడిటర్‌గా ఉన్నప్పుడు ఇలాంటి మెయిల్ వస్తే ఆ రివ్యూయర్ పాత నివేదికలు కూడా తీసి చూసేవాణ్ణి. తరచుగా అదే జాబితా అన్నిట్లోనూ ఉండేది.

ఎడిటరే జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ పేపర్లను సగటున ఎన్నిసార్లు సైట్ చేశారో చెప్పే అంకె) కోసం తమ పేపర్లు సైట్ చేయమంటే ప్రచురణ సంస్థకు రాయండి. ఇంకో జర్నల్ వెతుక్కోవడానికి కూడా సిద్ధపడండి. దానికన్నా మంచి మాట చెప్పగలిగితే బాగుండేది.

రివ్యూ కామెంట్లు అన్యాయంగా ఉన్నాయి. ఏం రాయాలి?

రెండు రోజులు ఏమీ రాయకండి. మూడో రోజు మళ్లీ చదివితే సగం అన్యాయం మాయమవుతుంది. రివ్యూయర్‌కు అర్థం కాలేదంటే, చాలాసార్లు మీరు అర్థమయ్యేలా రాయలేదని.

తర్వాత ప్రతి కామెంట్‌నూ ఉన్నదున్నట్టు కాపీ చేసి, కింద జవాబు, దాని కింద పేపర్‌లో మార్చిన వాక్యం, పేజీ సంఖ్యతో సహా ఇవ్వండి. "సవరించాం" అన్న ఒక్క మాట రివ్యూయర్‌కు ఒళ్లు మండిస్తుంది, ఎక్కడ సవరించారో ఆయన వెతుక్కోవాలి. ఒప్పుకోనిచోట ఒప్పుకోవడం లేదని రాయండి, కారణం చూపండి. అన్నిటికీ తల ఊపిన రెస్పాన్స్ కన్నా ఒకచోట గట్టిగా నిలబడ్డ రెస్పాన్స్‌ను నేను ఎక్కువ నమ్ముతాను. కొత్త ప్రయోగం అడిగితే, చేయలేనిదైతే ఎందుకు చేయలేరో చెప్పి, ఆ పరిమితిని పేపర్‌లోనే ఒప్పుకోండి.

రిజెక్ట్ అయ్యాక అప్పీల్ చేయవచ్చు, రివ్యూయర్ వాస్తవాన్ని తప్పుగా చదివారని చూపగలిగితేనే. "మేం చాలా కష్టపడ్డాం" అన్నది అప్పీల్ కాదు. వేరే జర్నల్‌కు పంపేముందు ఆ కామెంట్లు సరిచేసుకోండి. అక్కడా అదే రివ్యూయర్ ఎదురుకావచ్చు.

నన్నే రివ్యూ చేయమని పిలిచారు. ఏం గమనించాలి?

సబ్జెక్టు తెలియకపోయినా, సమయం లేకపోయినా వెంటనే కాదనండి. నెల తర్వాత కాదనడం కన్నా అది మేలు. రచయిత మీ మిత్రుడో, పోటీదారో అయితే ఎడిటర్‌కు చెప్పండి. మీ స్కాలర్‌తో కలిసి రివ్యూ రాయాలనుకుంటే ముందు అనుమతి అడిగి, అతని పేరు కూడా ఇవ్వండి. పేపర్‌లో చూసిన ఐడియాను అది అచ్చయ్యేదాకా మీరు వాడుకోకూడదు. మీ ల్యాబ్‌లో దాని మీద పని మొదలుపెట్టడం దొంగతనం. ఇక భాష: రచయిత ముఖం మీద చెప్పలేని మాట నివేదికలో రాయకండి.

కంపెనీ డబ్బుతో చేసిన పని. రాయాలా?

రాయాలి. సిమెంట్ కంపెనీ ఇచ్చిన డబ్బుతో అదే కంపెనీ సిమెంట్ బాగుందని తేలితే అది అబద్ధమని ఎవరూ అనరు. ఆ డబ్బు సంగతి తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిస్తే అప్పుడంటారు.

"15 రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ" అంటూ మెయిల్ వచ్చింది. నమ్మవచ్చా?

రివ్యూ కాకముందే గ్యారంటీ ఇచ్చేది జర్నల్ కాదు, దుకాణం. ఫీజు తీసుకోవడం ఒక్కటే తప్పు కాదు. ఎవరైనా ఉచితంగా చదవగలిగే మంచి ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ కూడా తీసుకుంటాయి, ఎంతో ముందే చెబుతాయి. "స్కోపస్‌లో ఉంది" (స్కోపస్ అంటే ఎంపిక చేసిన జర్నల్స్ డేటాబేస్) అన్న మాటను వాళ్ల వెబ్‌సైట్‌లో చూసి నమ్మకండి, స్కోపస్ జాబితాలోనే వెతకండి. జర్నల్ గుర్తింపు సంఖ్య ఐఎస్ఎస్ఎన్ కూడా సరిపోల్చండి, అసలు జర్నల్ పేరుతోనే దొంగ వెబ్‌సైట్ నడిపేవాళ్లున్నారు. డీఓఐ ఉండటం నాణ్యతకు గుర్తు కాదు. అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కకట్టేది క్లారివేట్ సంస్థ. దాని ముందు "గ్లోబల్", "యూనివర్సల్" లాంటి తోకలుంటే అది వేరే సరుకు.

పెద్ద పేరు చూసి కూడా ధీమా పడలేం. 2005లో ఎంఐటీ విద్యార్థులు ముగ్గురు సైజెన్ అనే ప్రోగ్రామ్ రాశారు. బటన్ నొక్కితే అర్థం లేని కంప్యూటర్ సైన్స్ పేపర్ వస్తుంది. సరదాకి చేసిన ఆ ప్రోగ్రామ్‌తో తయారైన పేపర్లు దొరికి, 2014లో ప్రచురణ సంస్థలు స్ప్రింగర్, ఐఈఈఈ కలిపి 120కి పైగా తొలగించాల్సి వచ్చింది. హిందావి అనే ప్రచురణ సంస్థ ఒక్క 2023లోనే 8,000కు పైగా పేపర్లు వెనక్కి తీసుకుంది. ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చిన గెస్ట్ ఎడిటర్లు ఒకే అంశం మీద నడిపిన స్పెషల్ ఇష్యూలవి. స్పెషల్ ఇష్యూ ఆహ్వానం వస్తే గెస్ట్ ఎడిటర్లు ఎవరో, ఆ విషయానికీ జర్నల్‌కూ సంబంధం ఉందో లేదో చూడండి.

అచ్చయ్యాక నా పేపర్‌లో నాకే తప్పు దొరికింది. ఊరుకోనా?

ఊరుకోకండి. ముగింపును మార్చని తప్పయితే కరెక్షన్ వేస్తారు. ముగింపే నిలబడకపోతే రిట్రాక్షన్, అంటే పేపర్‌నే వెనక్కి తీసుకోవడం. తేలేదాకా పాఠకులను హెచ్చరించడానికి ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ కన్సర్న్ అనే ప్రకటన కూడా ఉంటుంది. మన రంగంలో ఇది ఉత్త పరువు సంగతి కాదు. మీ పేపర్‌లోని భద్రతా గుణకం చూసి ఎవరో ఒక దూలం డిజైన్ చేయవచ్చు.

రిట్రాక్షన్ అనగానే దొంగతనం అనుకుంటారని భయం. కారణం నోటీసులో రాయించుకోండి: "యూనిట్లు మార్చడంలో పొరపాటు జరిగిందని రచయితలే గుర్తించి తెలిపారు" అని. అలాంటి నోటీసు చదివితే నాకు ఆ రచయితల మిగతా పేపర్ల మీద నమ్మకం పెరుగుతుంది.

నా పేపర్‌ను ఎవరో కొట్టేసి వాళ్ల పేరుతో వేసుకున్నారు. ఎవరికి చెప్పాలి?

కోపంతో సోషల్ మీడియాకు ఎక్కకండి. రెండు పేపర్లనూ పక్కపక్కన పెట్టి, కలిసిన పేరాలకు, బొమ్మలకు రంగు వేసి ఒక పీడీఎఫ్ చేయండి. మీది ముందు వచ్చిందని చూపే తేదీలు జతచేయండి. దాన్ని ఆ జర్నల్ ప్రధాన ఎడిటర్‌కు పంపండి, మీ పేపర్ వేసిన జర్నల్‌కు కూడా ఒక ప్రతి ఇవ్వండి. ఎడిటర్ అవతలివారి వివరణ అడుగుతారు, అవసరమైతే వారి సంస్థకు రాస్తారు. నెలలు పడుతుంది. జవాబే రాకపోతే ప్రచురణ సంస్థకు వెళ్లండి. ఆ జర్నల్ కోప్ సభ్యురాలై ఉండి, దాని దగ్గరి ఫిర్యాదు దారులన్నీ అయిపోయి ఉంటే, కోప్‌కు కూడా రాయవచ్చు. అయితే అక్కడ చూసేది ఎడిటర్ పద్ధతి ప్రకారం నడుచుకున్నారా లేదా అన్నది మాత్రమే, దొంగ ఎవరన్నది కాదు. పంపిన ప్రతి మెయిల్‌నూ తేదీతో సహా దాచుకోండి.